జ్ఞానమ్మ తెల్లబూట్లు

పొద్దున్నే లేవగానే ఆమోసుగారు చేసే మొదటి పని, తలుపు తీసి జ్ఞానమ్మ బూట్లు ఎక్కడున్నాయో చూడటం. ప్రార్థన, కాఫీ అన్నీ ఆ తర్వాతే. అవి నర్సులు డ్యూటీకి వేసుకునే తెల్లబూట్లు. ఎడమదాని మడమ ఓ పక్కకి అరిగిపోయింది. రాత్రి తలుపు పక్కన చెక్క స్టాండులో పెట్టినవి తెల్లారేసరికి అక్కడే ఉంటే ఆయన అదృష్టం. చాలా రోజులు ఉండేవి కావు. ఒకరోజు వాకిట్లో, ఒకరోజు ఉత్తరాల డబ్బా కింద, ఒకరోజు ఏకంగా వీధి చివర ఆవులు మేసే బీడు కంచె దగ్గర. ఎక్కడున్నా సరే, ముక్కులు మాత్రం దక్షిణం వైపే.

డల్లాస్ పక్కనున్న కాపెల్‌లో అప్పటికింకా ఇళ్ళు తక్కువ, బీళ్ళు ఎక్కువ. ఆయన లుంగీ మీద కోటు తగిలించుకుని కంచె దాకా నడిచెళ్ళి, బూట్లకంటిన మట్టి దులిపి, చంకలో పెట్టుకుని తెచ్చుకునేవారు. ఎదురింటి ముసలాయన పేపర్ తీసుకుంటూ, "ఇవాళ మీ ఆవిడ చాలా దూరం వెళ్ళినట్టుందే ఆమోస్!" అనేవాడు. "అవును, మొండిఘటం. బతికున్నప్పుడే నయం" అనేవారీయన.

చర్చిలోనూ అంతే. ఆదివారం తెలుగు ఆరాధనలో అబ్రహాం అయ్యగారు ప్రకటనలు చదువుతూ, "కార్లు వెనక్కి తీసేటప్పుడు కాస్త చూసుకోండమ్మా, జ్ఞానమ్మగారి బూట్లు పార్కింగ్‌లో తిరుగుతున్నాయి" అని చెప్పేవారు. పిల్లలు వాటికి దారిచ్చి పక్కకి జరిగేవారు. చనిపోయిన మనిషి బూట్లు నడవటమేమిటని అడిగినవాళ్ళు లేరు. జ్ఞానమ్మ సంగతి తెలిసినవాళ్ళకి అడగాలనిపించలేదు. ఆవిడ బతికినన్నాళ్ళూ ఒకచోట కుదురుగా కూర్చోవడం ఎవరు చూశారు గనక?

అమెరికాకి ముందు వచ్చింది ఆవిడే. గుంటూరులో నర్సు ట్రైనింగయి, డెబ్భై ఒకటిలో ఒంటరిగా విమానమెక్కి వచ్చి, ఏడాది తిరక్కుండా మొగుణ్ణీ తొమ్మిదేళ్ళ కూతురు లూసీనీ పిలిపించుకుంది. ఆమోసుగారికి సిటీ వాటర్ డిపార్ట్‌మెంట్‌లో నీళ్ళు పరీక్ష చేసే ఉద్యోగం దొరికింది. చర్చిలో సంఘపెద్ద కూడా అయ్యారు. అయినా ఎవరైనా "జ్ఞానమ్మగారి హస్బెండ్" అంటే పైకి నవ్వేవారు గానీ లోపల చురుక్కుమనేది.

ఆసుపత్రిలో ఒకసారి ఆవిడ వార్డులో ఓ మెక్సికన్ ముసలామె ఉండేది. ముసలామె కూతురు ఇంటి నుంచి రాతిగిన్నెలో నూరిన ఎర్రమిరపకాయల పచ్చడి తెచ్చేది. జ్ఞానమ్మ ఓ రోజు వేలితో నాకి చూసింది. అంతే, ఆ సాయంత్రం ఇంటికొచ్చి బూట్లు విప్పుతూనే మొదలుపెట్టింది.

"ఏమండీ, అచ్చం మన రోటిపచ్చడేనండీ! చింతపండు లేదంతే. వీళ్ళెవరో మన చుట్టాలే. ఒక్కసారి వాళ్ళూరెళ్ళి, వాళ్ళింట్లో పీటేసుకుని కూర్చుని తినాలి."

"మెక్సికో ఎక్కడికి పోతుంది జ్ఞానమ్మా, పక్కనే కదా. ఎప్పుడైనా వెళ్ళొచ్చు."

పక్కనే ఉన్న చోటికి మనిషి ఒక పట్టాన వెళ్ళడు. ఏళ్ళు గడిచాయి. ఎనభై ఒకటిలో ఆవిడే ఎక్కడ్నుంచో ఓ కాగితం పట్టుకొచ్చింది. మిసెస్ హోలిస్ అని ఒక రిటైరైన హిస్టరీ టీచర్, ఏటా ఎనిమిది మందిని వ్యాన్‌లో ఎక్కించుకుని పది రోజులు మెక్సికో తిప్పుతుంది. పాత కట్టడాలు, చేనేతవాళ్ళ ఊళ్ళు, సంతలు, మధ్యాహ్నం ఎవరో ఒకరి ఇంట్లో భోజనం. ఆ కాగితం మీద పిరమిడ్ బొమ్మ ఉంది. ఆమోసుగారు ఆ బొమ్మని పట్టుకున్నారు.

"విగ్రహాల గుళ్ళకి సంఘపెద్ద వెళ్తే రేపు అయ్యగారి మొహం ఎలా చూడమంటావ్?"

"నేను గుడి కోసం వెళ్తున్నానా, రోలు కోసం వెళ్తున్నాను" అని జ్ఞానమ్మ నవ్వేసి, డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని తనే ఫారం నింపి కవర్లో పెట్టి అంటించింది.

ఆ ఇంట్లో ఒక పద్ధతుంది. ఏదైనా కోరుకుంటూ రాసిన ఉత్తరం, అది ఉద్యోగానికైనా చదువుకైనా సిటిజన్‌షిప్‌కైనా, ప్రార్థనలో పెట్టకుండా పోస్టులో పడకూడదు. సాయంత్రం కుటుంబ ప్రార్థనప్పుడు కవరు ఆమోసుగారి బైబిల్లో పెడతారు. ముగ్గురూ దాని మీద చేతులుంచి ప్రార్థిస్తారు. మర్నాడు ఆఫీసుకెళ్తూ ఆయన పోస్టు చేస్తారు. ఆ ఇంటికి వచ్చిన మంచి అంతా అలా బైబిల్లోంచి వెళ్ళి వచ్చిందే.

జ్ఞానమ్మ టూరు ఫారం కూడా బైబిల్లోకి వెళ్ళింది. బయటికి రాలేదు.

ఎందుకు పోస్టు చెయ్యలేదంటే, విగ్రహాలూ కావు, అయ్యగారూ కారు. భయం. "మీరెలాగూ రానంటారుగా" అని ఆవిడ ఏదో మాటవరసకి అన్న ముక్క ఆయన మనసులో ముల్లులా దిగబడిపోయింది. ఆవిడ ఒక్కతే వెళ్తుంది. పది రోజులు. ఉప్పు డబ్బా ఎక్కడుందో కూడా తెలియని ఇంట్లో తనొక్కడు. ఒకసారి రెక్కలొచ్చిన మనిషి మళ్ళీ ఎక్కడికి ఎగురుతుందో! వారం పోయాక అన్నం తింటూ, తలెత్తకుండా చెప్పారు: "ఫోన్ చేశాను జ్ఞానమ్మా. సీట్లు అయిపోయాయట. ప్రభువు చిత్తం కాదేమో."

"అయ్యో, అలాగా! పోన్లెండి" అంది ఆవిడ. ఆయనకి ఇంకో గరిటె పప్పు వడ్డించింది. మరుసటి ఏడు అడగలేదు. ఆ పై ఏడూ అడగలేదు. ఎనభై నాలుగులో ఒక మధ్యాహ్నం డ్యూటీ నుంచి వచ్చి, బూట్లు విప్పి తలుపు పక్కన పెట్టి, సోఫాలో కూర్చుని మరి లేవలేదు. భూస్థాపన చేసి వచ్చిన మర్నాటి నుంచీ బూట్లు నడక మొదలుపెట్టాయి.

ఎటు నడుస్తున్నాయో ఆయనకి తెలుసు. లూసీకీ తెలుసు, కానీ ఆ పిల్లకి సగమే తెలుసు. "పూర్ మమ్మీ, సీట్స్ దొరకలేదు" అని ఆ బూట్ల లేసులు కట్టేది. ఆ మాట విన్నప్పుడల్లా ఆయనకి తిన్నది ఒంటబట్టేది కాదు.

ఎనభై ఆరు జనవరిలో మళ్ళీ మిసెస్ హోలిస్ కాగితం ఒకటి ఉత్తరాల్లో వచ్చింది. సాయంత్రం చూసేసరికి బూట్లు రెండూ ఆ కాగితం మీదెక్కి నిలబడి ఉన్నాయి.

"డాడీ, మమ్మీ వెళ్తాను అంటోంది. మీరు తీసుకెళ్ళండి" అంది లూసీ.

ఈసారి ఆయన అక్కడికక్కడే ఫోన్ చేసి సీటు బుక్ చేశారు. బూట్లు కూడా వస్తాయంటే, "తప్పకుండా, వ్యాన్‌లో చోటుంది" అంది మిసెస్ హోలిస్. ఆ రాత్రి ఆయనకి రెండేళ్ళ తర్వాత హాయిగా నిద్రపట్టింది. తీరిపోతుంది, ఈ ఒక్క ట్రిప్‌తో ఆ పాపం తీరిపోతుంది అనుకున్నారు.

అనుకున్నారు గానీ, కుక్కతోక వంకర ఎక్కడికి పోతుంది? ఫిబ్రవరి పదిన లూసీ ఒక లావుపాటి కవరు తెచ్చి తండ్రి చేతిలో పెట్టింది. అప్పటికి ఆ పిల్ల ఒక స్కూల్లో చెవిటి పిల్లల దగ్గర సహాయకురాలిగా చేస్తోంది. వాళ్ళకి టీచర్ అయ్యే పెద్ద చదువు అరిజోనాలో ఉందట.

"డాడీ, ప్రేయర్‌లో పెట్టండి. ఫిబ్రవరి ట్వెంటీ ఎయిత్‌లోపు పోస్ట్‌మార్క్ పడాలి. తర్వాత తీసుకోరు. నాకు ఇది చాలా కావాలి డాడీ."

ఇద్దరూ కవరు మీద చేతులుంచి ప్రార్థించారు. మర్నాడు ఆయన పోస్టాఫీసు ముందు కారాపారు. ఆపి, స్టీరింగ్ పట్టుకుని కూర్చుండిపోయారు. ఈ పిల్ల కూడా వెళ్ళిపోతే? తలుపు తీస్తే బూట్లు తప్ప పలకరించే దిక్కుండదు. రేపు చేద్దాంలే అనుకుని కారు తిప్పేశారు. రేపు కాస్తా ఎల్లుండయింది. "పోస్ట్ చేశారా డాడీ?" అని లూసీ అడిగితే, "ఎప్పుడో చేశానమ్మా" అన్న మాట నోట్లోంచి దానంతటదే వచ్చేసింది. నాలుక అలవాటు పడిందంటే ఇక మనిషితో పని లేదు.

ఆ రోజు నుంచి బూట్లు స్టాండులో పెడితే ఉండటం మానేశాయి. ఆయన మంచం పక్కనే నిలబడేవి, ముక్కులు ఆయన వైపు పెట్టి. "ఏం చూస్తావ్ అలా?" అని ఆయన దుప్పటి ముసుగు పెట్టుకునేవారు.

ఫిబ్రవరి ఇరవై ఎనిమిది, శుక్రవారం. తెల్లవారుజామున వ్యాన్ ఇంటి ముందుకొచ్చింది. ఆయన బైబిల్ సంచిలో పెట్టుకున్నారు. ఇంట్లో వదిలితే లూసీ తెరుస్తుందని భయం. అందులో రెండు కవర్లూ ఉన్నాయి, ఐదేళ్ళనాటిదీ, మొన్నటిదీ. లూసీ గుమ్మంలో నిలబడి చెయ్యూపుతూ, "మమ్మీని జాగ్రత్తగా చూసుకోండి డాడీ!" అంది. ఆయన మొహం తిప్పుకున్నారు.

మిసెస్ హోలిస్ పొట్టిగా, గట్టిగా ఉండే మనిషి. తనే వ్యాన్ నడుపుతుంది. ఎక్కేవాళ్ళని లెక్కపెడుతూ, "ఏడుగురు, ఎనిమిదోది జ్ఞానమ్మ. బాగుంది" అని తలుపు వేసింది. బూట్లు కిటికీ పక్క సీటెక్కాయి. పక్కన ఆమోసుగారు. వెనక సీట్లో లైబ్రరీలో పనిచేసే అక్కచెల్లెళ్ళిద్దరు బూట్లకి కూడా బిస్కెట్ పొట్లం చాపి, ఆయనకే ఇచ్చారు. దారంతా మిసెస్ హోలిస్ ఏవేవో రాజ్యాల కథలు చెబుతూనే ఉంది. ఆయనకి ఒక్క ముక్క చెవికెక్కలేదు. ఒళ్ళో బైబిల్ అంతకంతకూ బరువెక్కుతున్నట్టుంది. ఇవాళ ఇరవై ఎనిమిది. సాయంత్రం దాటితే ఇంక చెయ్యగలిగింది లేదు, చెయ్యాల్సిందీ లేదు. ఆ ఆలోచన వచ్చి కాస్త ఊరట కలిగింది. ఊరట కలిగినందుకు తన మీద తనకే రోత పుట్టింది.

రెండు దాటాక లారెడో చేరారు. అవతల మెక్సికో, మధ్యలో నది, నది మీద వంతెన. ఈ ఒడ్డున ఓ వీధి మలుపులో వ్యాన్ ఆపి, "కాళ్ళు సాగదీసుకోండి, బాత్రూమ్‌కి వెళ్ళిరండి. తర్వాత వంతెన నడిచే దాటుదాం. నడిచి దాటితేనే ఒక దేశంలోకి వెళ్ళినట్టు" అంది మిసెస్ హోలిస్. వ్యాన్‌ని తర్వాత తీసుకొస్తానంది.

తలుపు తీయగానే బూట్లు టకటకమని దిగాయి. ఇన్నేళ్ళ ఆత్రం కదా, తిన్నగా వంతెనెక్కేస్తాయనుకున్నారు ఆమోసుగారు. నాలుగడుగులు వేసి ఆగిపోయాయి. ఎక్కడ? మలుపులో ఉన్న నీలం పోస్టుడబ్బా ముందు. ముక్కులు డబ్బాకి ఆనించి నిలబడ్డాయి.

"రా జ్ఞానమ్మా, అదిగో అవతలే మెక్సికో" అన్నారాయన. కదల్లేదు. వంగి ఎత్తబోయారు. రోజూ చంకలో పెట్టుకుని మోసిన బూట్లు, రుబ్బురోలులా నేలకంటుకున్నాయి. ఎర్రబడిన మొహంతో చుట్టూ చూశారు. తోటివాళ్ళంతా కొంచెం దూరంలో ఓపిగ్గా నిలబడ్డారు. "తొందరేం లేదు, ఆవిడకి వీలైనప్పుడే వెళ్దాం" అంది అక్కచెల్లెళ్ళలో పెద్దావిడ.

డబ్బా మీద కాగితం అంటించి ఉంది. ఇవాళ్టి ఆఖరి ఉత్తరాలు మూడింటికి తీస్తారు. ఆయన వాచీ చూసుకున్నారు. మూడుకి పది నిమిషాలు. చెమట పట్టింది. చర్చిలో ఎన్నోసార్లు నిలబడి పాపాన్ని గురించి ప్రసంగించిన మనిషి, ఓ జత బూట్ల ముందు దొంగలా నిలబడ్డారు.

"నాకెవరున్నారే?" అన్నారు మెల్లగా, తెలుగులో. "అది కూడా వెళ్ళిపోతే నేనేం కావాలి?"

బూట్లు ఏం మాట్లాడతాయి? ఎడమది అరిగిన మడమ మీద అలవాటుగా ఒక పక్కకి ఒరిగి ఉంది. పన్నెండు గంటల డ్యూటీ చేసొచ్చి, స్టవ్ ముందు నిలబడి తనకి పప్పు తాలింపు పెట్టేటప్పుడు జ్ఞానమ్మ అలాగే ఒక కాలు మీద ఒరిగేది. "అయ్యో, అలాగా! పోన్లెండి" అంది అప్పుడు.

వీధి చివర పోస్టు బండి కనిపించింది. ఆయన గబగబా సంచి విప్పి, బైబిల్ తెరిచి, లూసీ కవరు లాగి డబ్బాలో వేసేశారు. వేసినాక మూత మళ్ళీ తెరిచి, పడిందో లేదో చూశారు. పోస్టుమాన్ వచ్చి ఉత్తరాలన్నీ గోతంలోకి దులుపుకునే వరకూ అక్కడే నిలబడి, "ఇవాళ్టి ముద్రే పడుతుందా?" అని రెండుసార్లు అడిగారు. "పడుతుందయ్యా" అని అతను వెళ్ళిపోయాడు.

బూట్లు అయినా కదల్లేదు. కాకపోతే వెనక్కి తిరిగాయి. ఇప్పుడు వాటి ముక్కులు మిసెస్ హోలిస్ వైపు ఉన్నాయి.

ఆయనకి అర్థమైంది. రెండో కవరు తీశారు. అంచులు పసుపెక్కాయి. దాని మీద జ్ఞానమ్మ గుండ్రటి అక్షరాల్లో మిసెస్ హోలిస్ పేరూ అడ్రసూ. తీసుకెళ్ళి ఆవిడ చేతిలో పెట్టారు.

"మేడం, ఇది ఐదేళ్ళ కింద మీకు రావాల్సింది. నేను పోస్టు చెయ్యలేదు. సీట్లు అయిపోయాయని నా భార్యకి అబద్ధం చెప్పాను."

మిసెస్ హోలిస్ కవరు అటూ ఇటూ తిప్పి చూసింది. "ఎనభై ఒకటా? ఆ ఏడు నలుగురే వచ్చారు మిస్టర్ ఆమోస్. సగం వ్యాన్ ఖాళీ" అంది. ఆవిడ కోపంగా అనలేదు, ఉన్నమాట చెప్పింది. అందుకే ఇంకా బాగా తగిలింది. కవరు చింపి, కళ్ళజోడు సర్దుకుని చదివింది. చదివి, కాగితం ఆయనకిచ్చింది.

వచ్చేవాళ్ళు ఇద్దరు అని ఉంది. మొదటి పేరు ఆయనదే. కింద, ప్రత్యేక అవసరాలేమైనా ఉంటే రాయండి అన్నచోట జ్ఞానమ్మ ఇంగ్లీషులో రాసింది: "నా భర్తకి రోజుకి ఒక్కసారైనా అన్నం ఉండాలి. కొత్త చోటంటే ఆయనకి భయం, కానీ పైకి చెప్పరు. దయచేసి ఆయన్ని కిటికీ పక్కన కూర్చోబెట్టండి. బయటికి చూస్తుంటే సర్దుకుంటారు."

ఆమోసుగారు ఫుట్‌పాత్ మీద కూలబడి ఏడ్చారు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, నడివీధిలో, చంటిపిల్లాడిలా. చెల్లెలావిడ ఒక రుమాలు తెచ్చిచ్చింది.

తర్వాత లేచి, మూలనున్న ఫోన్ బాక్స్‌లోకి వెళ్ళి లూసీ పనిచేసే స్కూలుకి ఫోన్ చేశారు. ఆ పిల్ల లైన్లోకి రాగానే రెండు కవర్ల సంగతీ ఏదీ దాచకుండా చెప్పేశారు. అవతల స్కూలు గంట మోగడం వినిపించింది.

"లూసీ? అమ్మా?"

"ఇప్పుడు పోస్ట్ చేశారా డాడీ? నిజంగా?"

"చేశాను. అమ్మ దగ్గరుండి చేయించింది."

"నాకు చాలా కోపంగా ఉంది డాడీ. ఇప్పుడు స్కూల్లో ఉన్నాను కాబట్టి అరవలేను. మీరు వచ్చాక అరుస్తాను." "మమ్మీ తరఫున కూడా కలిపి అరుస్తాను."

"అరువమ్మా. తప్పకుండా అరువు."

"మమ్మీ ఎక్కడుంది?"

ఆయన ఫోన్ బాక్స్ అద్దంలోంచి చూశారు. తెల్లబూట్లు వంతెన మొదట్లో నిలబడి, ఒక ముక్కుతో నేల మీద టక్కుటక్కుమని కొడుతున్నాయి. "వంతెన దగ్గర. నా కోసం చూస్తోంది."

"అయితే వెళ్ళండి. మళ్ళీ మమ్మీని వెయిట్ చేయించకండి."

వంతెన దాటేచోట మెక్సికో ఆఫీసరు బూట్లని చూసి, కాగితాలేవని అడిగాడు. ఆయన జ్ఞానమ్మ పాస్‌పోర్ట్ తీసిచ్చారు. ఆ టూరు కోసమని ఎంతో ముచ్చటపడి తీయించుకుంది, అన్నీ తెల్లపేజీలే. ఆఫీసరు ఫొటో చూశాడు, బూట్లు చూశాడు, మొదటి పేజీ మీద గట్టిగా ముద్ర గుద్ది, "స్వాగతం సెన్యోరా" అన్నాడు.

నాలుగోరోజు మధ్యాహ్నం ఒక కొండ కింద ఊళ్ళో, మగ్గం నేసేవాళ్ళ ఇంట్లో భోజనం. గుమ్మం ముందు ఆమోసుగారు అలవాటు కొద్దీ బూట్లు విప్పారు. ఆయన్ని చూసి మిగతావాళ్ళూ విప్పారు. లోపల ఇంటావిడ మోకాళ్ళ మీద కూర్చుని రాతి మీద మిరపకాయలు నూరుతోంది. గర్రు గర్రుమనే ఆ చప్పుడు గుంటూరు వంటింట్లో చప్పుడే. జ్ఞానమ్మ బూట్లు వాకిట్లో కాసేపు నిలబడి విన్నాయి. తర్వాత మెల్లగా గుమ్మం దగ్గరికొచ్చి, మిగతా వాటి పక్కన సర్దుకుని, ముక్కులు ఇంటి లోపలికి పెట్టి ఆగాయి. ఆ ఇంటావిడ ఎవరూ అడక్కుండానే ఒక కంచం ఎక్కువ పెట్టింది. ఆమోసుగారికి అన్నం కూడా వండింది. మిసెస్ హోలిస్ ముందే చెప్పి ఉంచిందట.

తిని బయటికొచ్చాక ఆయన తన బూట్లు వేసుకుని, జ్ఞానమ్మ బూట్ల దగ్గర కూర్చున్నారు. ముట్టుకున్నారు. అవి కదల్లేదు, బరువుగానూ లేవు. ఒట్టి బూట్లు. గుమ్మం బయట బూట్లున్నాయంటే మనిషి లోపల ఉన్నట్టే కదా. భోజనం దగ్గర కూర్చున్నదాన్ని లేపడమెందుకని ఆయన వాటిని అక్కడే వదిలి వ్యాన్ ఎక్కారు. మిసెస్ హోలిస్ ఆయన్ని కిటికీ పక్కన కూర్చోబెట్టింది.

ఇంటికొచ్చాక లూసీ అన్నమాట ప్రకారమే అరిచింది. మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగోరోజు కాఫీ కలిపిచ్చి, ఎదురుగా కూర్చుని మెక్సికో కబుర్లన్నీ చెప్పించుకుంది. ఏప్రిల్ చివర్లో అరిజోనా నుంచి సీటొచ్చిందని ఉత్తరం వచ్చింది.

ఆ మర్నాడు పొద్దున లూసీ హాస్టల్ అప్లికేషన్ నింపి కవర్లో పెట్టింది. అలవాటుగా తండ్రికి ఇవ్వబోయి, చెయ్యి వెనక్కి తీసుకుంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. తలుపు పక్కన స్టాండులో పై అర ఖాళీగా ఉంది.

"సాయంత్రం ప్రేయర్‌లో పెడదామా డాడీ?" అంది, కవరు తన దగ్గరే ఉంచుకుని.

ఆమోసుగారు లేచి బూట్లు వేసుకున్నారు. లేసులు కట్టుకుని చెయ్యి చాపారు. "సాయంత్రం దాకా ఎందుకమ్మా? ముందు పోస్టు చేసొద్దాం పద. ప్రార్థన దారిలో నడుస్తూ చేసుకుందాం."